స్వెటర్ సూది గుచ్చిన పాట

పోయిన నెల కారుకి టైర్లు మార్పించడానికి వెళ్ళాను. ఇక్కడ అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉంటుంది ఆ షాపు. కూర్చోమన్న గదిలో మాడిన కాఫీ వాసనా కొత్త రబ్బరు వాసనా కలిసిపోయి ఉన్నాయి. అద్దాల బయట సన్నగా వాన. కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు పైకప్పులో ఉన్న చిన్న స్పీకర్లోంచి ఆ పాట మొదలైంది. ముందు మూడు దెబ్బలు డ్రమ్ము, తరవాత గిటారు. రేకు డబ్బాలో కందిరీగ చిక్కుకుని కోపంగా తిరుగుతున్నట్టు ఉంటుంది ఆ గిటారు. ఇంగ్లండ్ వాళ్ళ పాట. అక్కడి కుర్రాళ్ళు గిటార్లని అంత మోటుగా, అంత గట్టిగా వాయించడం ఈ పాట వచ్చిన రోజుల్లోనే మొదలైందట. ఇప్పుడు దాన్ని హార్డ్ రాక్ అంటారని మా అమ్మాయి చెప్పింది. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ పత్రిక తిరగేస్తూ కాలు ఆడిస్తోంది. అమ్మా, ఈ పాటలో ఒక స్వెటర్ అల్లే సూది ఉంది, ఆ కథ నాకు తెలుసు అని ఆవిడకి చెప్పాలనిపించింది. అంత ఇంగ్లీషు నాకెక్కడిది? నోరు తెరిచి, వాన గురించి ఒక మాట అని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక కూడా మనసు నిలవలేదు. నేను చదివింది ఐదో తరగతి. రాసినవన్నీ బిల్లులే. తప్పులుంటే మన్నించండి, చెప్పడం మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది రేపల్లె పక్క. పెళ్ళిళ్ళకీ, సువార్త కూటాలకీ మైక్ సెట్లు అద్దెకిచ్చే మావయ్య దగ్గర పదకొండో ఏట చేరాను. సెట్టు మోయడం, చెట్టెక్కి హారన్ కట్టడం, తరవాత మెల్లగా రిపేర్లు. స్పీకర్ లోపల గరాటులా నల్లటి కాగితం ఒకటుంటుంది, కోన్ అంటారు. అది అదిరితేనే మనకి మాట వినపడేది. ఎలకలు కొరుకుతాయి, తేమకి పొరలు లేస్తాయి, పిల్లలు పుల్లలు గుచ్చుతారు. దాన్ని అతకడం మా మావయ్యకొచ్చినంత బాగా ఇంకెవరికీ వచ్చేది కాదు. మైదా పిండి పలచగా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, వేలి కొసతో రాసేవాడు. అన్నం కలిపే చెయ్యి వేరు, జిగురు రాసే చెయ్యి వేరు అని ఎడమ చేత్తోనే రాసేవాడు. చిరిగిన స్పీకర్ని చిరిగినట్టే వెనక్కిస్తే మన పేరు చిరిగినట్టేరా అనేవాడు. గిరాకీ ఫ్యూజు వెయ్యమని తెచ్చినా సరే, లోపల చిరుగు కనపడితే అడక్కుండా అతికి ఇవ్వాలి. దానికి వేరే అడగకూడదు. అది మా షాపు ధర్మం. ఆ ధర్మమే నన్ను అమెరికాలో ముంచింది.

మా ఆవిడ నర్సు. తన ఉద్యోగం మీదే మేం ఈ దేశం వచ్చాం. వచ్చిన కొత్తలో నాకు పని లేదు. పాపని స్కూలుకి దింపడం, అన్నం వండటం, కిటికీలోంచి మంచు చూడటం. ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో ఆంప్లిఫయర్ పాడైతే సామాను కోసం పాస్టరుగారు నన్ను ఒక రిపేరు షాపుకి తీసుకెళ్ళారు. షాపాయన ఇంగ్లండ్ మనిషి. అరవై దాటాయి, తెల్లటి పిల్లిగడ్డం, చేతి వేళ్ళ నిండా కాలిన మచ్చలు. మాటలు కుదరక నేనే టంకం పెట్టే ఇనుము తీసుకుని అక్కడే బల్ల మీద సీసం కరిగించి ఒక తీగ అతికి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ అతుకుని చాలాసేపు చూశాడు. సోమవారం రమ్మన్నాడు. అలా పదకొండేళ్ళు వెళ్ళాను.

ఆ షాపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కలలో నడిచినట్టే ఉంటుంది. పాత వాల్వు సెట్లు బారుగా ఉండేవి. వాల్వు అంటే చిన్న గాజు బుడ్డి, వేడెక్కితే లోపల నారింజ రంగు వెలుగొస్తుంది. చలికాలం మధ్యాహ్నాలు ఆయన లైట్లు వేసేవాడు కాదు. పది సెట్లు ఒకేసారి వెలిగించి పరీక్షకి పెడితే గదంతా దీపాలు పెట్టినట్టు ఉండేది. సన్నగా గుయ్‌మని ఒకే శ్రుతి. సీసం పొగ గీతలా పైకి లేచి, కిటికీ దగ్గర వెలుగులో మెలికలు తిరిగేది. మాకిద్దరికీ పెద్దగా మాటలుండేవి కావు. నన్ను డాక్టర్ అని పిలిచేవాడు. నేను సర్ అనేవాణ్ణి, వద్దని తల ఊపేవాడు, నేను మళ్ళీ అనేవాణ్ణి. స్కూలయ్యాక మా అమ్మాయి నడుచుకుంటూ వచ్చి అక్కడే హోంవర్క్ చేసుకునేది. తను అంకుల్ అంటే మాత్రం ఆయనకి మహా ఇష్టం. తనకి గిటారు పట్టుకోవడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడు మా చర్చి పాటల్లో వినపడే గిటారు ఆ షాపులోదే అనుకోవాలి.

పై అరలో ఒక చిన్న పెట్టె సెట్టు ఉండేది, గిటారు తగిలించి వాయించేది. ఎప్పుడూ దుప్పటి కప్పి ఉండేది. ఎవరూ దించేవాళ్ళు కాదు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మా ఇంట్లో పాత బైబిల్ ఎక్కడుంటుందో అలాంటి చోటు అని నేను అనుకునేవాణ్ణి. ఒక బుధవారం ఆయనే దాన్ని దించి నా బల్ల మీద పెట్టాడు. శనివారం ఇంగ్లండ్ నుంచి అన్నయ్య వస్తున్నాడని, ఇద్దరూ చూసుకుని ఇరవై ఏళ్ళు దాటిందని, ఇది బాగా గుయ్‌మంటోంది, తీగా కండెన్సరూ మార్చమని చెప్పాడు. చెప్పి బ్యాంకు పనేదో ఉందని వెళ్ళాడు.

తీగ మార్చాను, కండెన్సరు మార్చాను. వెనక చెక్క తీసి ఉంది కాబట్టి స్పీకర్ వెనక భాగం కనపడింది. కోన్‌కి నడుమ ఒక చిల్లు, ఆ చిల్లు నుంచి బెత్తెడు చిరుగు. ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఏళ్ళకి అన్నయ్య వస్తుంటే ఈ చిరుగు పెట్టెతో వాయించి వినిపిస్తాడా మా సర్? షాపు వెనక చిన్న పొయ్యి ఉండేది. మైదా మా ఇంటి నుంచి తెచ్చిపెట్టుకున్నదే. ఉడికించాను. కాఫీ వడపోసే పలచ కాగితం చించి, రెండు వైపులా వేసి, ఎడమ చేతి వేలితో గాలి బుడగ లేకుండా అదిమాను. ఆరాక నల్ల ఇంకు రాశాను. ఎక్కడ చిరిగిందో నాకే తెలియలేదు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత చక్కటి అతుకు వెయ్యలేదు. చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామని నోరు మూసుకున్నాను కూడా.

గురువారం సాయంత్రం మా అమ్మాయి బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటోంది. ఆయన గిటారు తగిలించి, సెట్టు వెలిగించి, వేడెక్కేదాకా ఆగి, ఒక్క మీటు మీటాడు. గుడి గంటలా శుభ్రంగా మోగింది. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. మళ్ళీ మీటాడు. వంగి సెట్టు వెనక చూశాడు, వేలితో కోన్ తడిమాడు. నేను నవ్వుతూ నిలబడి ఉన్నాను. శభాష్ అంటాడని ఎదురుచూస్తున్నానండీ, ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఆయన గిటారు మెల్లగా కింద పెట్టి, కోటు వేసుకుని బయటికి వెళ్ళి, వానలో పార్కింగులో నిలబడ్డాడు.

మా అమ్మాయి ముఖం తెల్లబోయింది. "డాడీ, నువ్వు అది ఫిక్స్ చేశావా? అంకుల్ చేయమన్నారా?"

"చిరిగితే అతకరా మరి?"

"డాడీ, ఆ టేర్ వల్లనే అంకుల్ వాళ్ళ ఆ సాంగ్ వచ్చింది. అంకుల్ అందరికీ చెప్తారు కదా. నీకు ఎప్పుడూ చెప్పలేదా?"

నాకు చెప్పలేదు. ఆ షాపుకొచ్చే ప్రతివాడికీ తెలిసిన సంగతి నాకు మాత్రం వేరే చెప్పాలని ఆయనకి తోచి ఉండదు. లేదా చెప్పే ఉంటాడు, నేను ఇంగ్లీషుకి భయపడి ఎస్ సర్ అని తల ఊపి ఉంటాను. ఆ రెండోదే నిజమనిపిస్తుంది. మా అమ్మాయి పెన్సిలు పక్కన పెట్టి నాకు మొత్తం చెప్పింది.

ఆయనా వాళ్ళన్నయ్యా చిన్నప్పుడు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక ఇరుకింట్లో ఉండేవాళ్ళు. తండ్రి లేడు. తల్లి ఏదో బడి వంటింట్లో పనిచేసేది. ముందు గదిలో ఈ సెట్టు పెట్టుకుని అన్నదమ్ములు గిటారు వాయిస్తుంటే, ఆ గదిలో వెచ్చగా ఉండే చోటు ఆ వాల్వుల దగ్గరే కాబట్టి, తల్లి కుర్చీ లాక్కుని దాని పక్కనే కూర్చుని స్వెటర్లు అల్లేదట. అంత మోతలో ఎలా కూర్చునేదో దేవుడికి తెలియాలి. లేచేటప్పుడు ఊలు సంచి తడి తగలకుండా సెట్టు వెనక తెరిచి ఉన్న గూట్లో దూర్చేది. ఒకరోజు సూది కోన్‌లో దిగబడింది. వాళ్ళు సెట్టు వెలిగిస్తే గిటారు కాదు, కందిరీగ పలికింది. పెద్దాయన, అంటే అన్నయ్య, తిట్టబోయి ఆగి, మూడు స్వరాలు పైకీ కిందికీ వాయించాడు. అంతే, పాట పుట్టింది. లండన్ వెళ్ళి రికార్డు ఇచ్చారు, రేడియోలో మోగింది, అమెరికా దాకా వచ్చారు. ఆ తరవాత ఇంకే పాటా అలా కుదరలేదు. తమ్ముడు ఇక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. అన్నయ్య వెనక్కెళ్ళాడు. వెళ్ళాక చూసుకుంటే సెట్టు లేదు. అమ్మ సూది గుచ్చిన సెట్టు అడక్కుండా ఉంచేసుకున్నాడని పెద్దాయనకి కోపం. అడిగితే ఇవ్వవని ఉంచుకున్నానని ఈయనకి పంతం. మాటలు తగ్గి, ఉత్తరాలు తగ్గి, తల్లి పోయినప్పుడు తప్ప చూసుకోలేదు. ఇప్పుడు పెద్దాయన చెవులు పోతున్నాయి. వినికిడి ఇంక కొన్ని నెలలే అన్నారట డాక్టర్లు. అందుకని ఆయనే ఉత్తరం రాశాడు, వినపడుతుండగా ఆ మోత ఒక్కసారి వినాలని ఉంది, వస్తానని.

ఆ ఒక్కసారిని నేను మైదా పెట్టి మూసేశాను.

షాపాయన లోపలికొచ్చి, తడి కోటు తీసి కొక్కేనికి తగిలించాడు. మంచి అతుకు, డాక్టర్, అన్నాడు. తిడితే బాగుండేది. మర్నాడు పొద్దున్న టిఫిన్ దగ్గర మా ఆవిడకి చెప్పాను. డ్యూటీ నుంచి వచ్చి అలసిపోయి ఉంది, ఇడ్లీ చేతిలో పట్టుకుని అలాగే వింది.

"అడక్కుండా చెడగొట్టేవాళ్ళని చూశాను గానీ అడక్కుండా బాగుచేసి చెడగొట్టింది మీరేనండీ" అంది. నేను తల దించుకున్నాను. ఇడ్లీ పళ్ళెంలో పెట్టి, "రేపు ఆ పెద్దాయనకి మీరే చెప్పండి. తమ్ముడి నోటితో చెప్పనివ్వకండి. ఇరవై ఏళ్ళకి కలిసి మొదట ఆ మాటా మాట్లాడుకోవాల్సింది?" అంది.

శనివారం కూడా వానే. పెద్దాయన టాక్సీ దిగాడు. తమ్ముడికంటే పొడుగు, రెండు చెవుల్లో వినికిడి మిషన్లు, చేతిలో గొడుగున్నా తడిసే వచ్చాడు. అన్నదమ్ములు చేతులు కలుపుకున్నారు, అంతే. కౌగిలింతలేం లేవు. ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. పెద్దాయన చూపు మాత్రం బల్ల మీద ఉన్న సెట్టు మీదే ఉంది. ఎవరైనా పోయిన ఇంటికి వెళ్ళినప్పుడు ఫోటో వైపు చూస్తామే, అలా. నేను ముందుకెళ్ళి తప్పు నాదని చెప్పాను. నా మాటల్ని మా అమ్మాయి ఆయన ఎడమ చెవి దగ్గర నెమ్మదిగా, గట్టిగా చెప్పింది. షాపాయన కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయన అంతా విని నన్ను ఒకటే అడిగాడు, దేంతో అతికావు అని. ఈ మాట నాకు అర్థమైంది. మైదా పిండి అని చెప్పాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గులోకి దిగి, కళ్ళ నీళ్ళొచ్చి, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తరవాత తమ్ముడి వైపు తిరిగి ఆయన అన్న మాటల్ని మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది, నేనలాగే రాస్తున్నాను. "అమ్మ కూడా ఇదే చేసిందిరా. పిండీ నీళ్ళూ ఉడికించి, రొట్టె చుట్టిన కాగితంతో అతికేసింది. పిల్లల సెట్టు పాడుచేశానని ఏడ్చింది."

"లేదు. నేను అక్కడే ఉన్నాను" అన్నాడు షాపాయన.

"సూది దిగిన రోజు ఉన్నావు, ఆ తరవాత గవదబిళ్ళలతో పిన్ని ఇంట్లో ఉన్నావు. నువ్వొచ్చేసరికి మళ్ళీ చిరిగి ఉంది. ఎవరు చింపారనుకున్నావు? మూడు రోజులు నేను ముఖం ముడుచుకుని వాయిస్తే చూళ్ళేక, అమ్మే ఆ సూదితో పొడిచి, ఇంక ఏడవకు అంది."

షాపాయన కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. జీవితమంతా అందరికీ చెప్పుకొచ్చిన కథలో ఆయనకి తెలియని మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ అన్నయ్య దగ్గరే ఉన్నాయి, అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేవాడు. ఆయన ముఖం చూస్తే పదిహేనేళ్ళ పిల్లాడిలా కనపడ్డాడు నాకు. గది నిండా ఆ నారింజ వెలుగు, బయట వాన చప్పుడు. మేం నలుగురం ఏదో నీళ్ళ అడుగున ఉన్నట్టుంది.

పెద్దాయన నాకు సెట్టు చూపించి, అతుకు విప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. అతకడం వచ్చుగానీ చింపడం నేనెప్పుడూ నేర్చుకోలేదు. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి అతుకు మీద అద్దాను. మైదా కదా, మెత్తబడి కాగితం పొరలా లేచి వచ్చింది. కానీ పాత చిరుగు అంచులు నా జిగురుకి నాని, ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. సన్న స్క్రూడ్రైవర్ తీసి, ప్రభువా అనుకుని, చిల్లులో పెట్టి లాగాను. చిన్న చప్పుడు, పాత గుడ్డ చినిగినట్టు. ఆ చప్పుడు నా వెన్నులోంచి వెళ్ళింది.

ఆరడానికి అరగంట ఆగాం. టీ తాగాం. వాళ్ళిద్దరూ పిన్ని ఇంటి గురించి, ఆవిడ కుక్క గురించి వాదించుకుంటున్నారు. తరవాత షాపాయన గిటారు అందుకుని అన్నయ్యకిచ్చాడు. పెద్దాయన మూడు స్వరాలు వాయించాడు. కందిరీగ పలికింది. కానీ ఇది వేరే కందిరీగ, బొంగురు గొంతుది, మధ్యలో కాస్త ఎగశ్వాస తీస్తోంది. నాకే తెలిసిపోయింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "అది కాదు."

ఆయన చెవుల్లో మిషన్లు రెండూ తీసి బల్ల మీద పెట్టి, వంగి, సెట్టు చెక్కకి చెవి ఆనించాడు. తమ్ముడు గిటారు తీసుకుని మళ్ళీ అవే మూడు స్వరాలు వాయించాడు. మళ్ళీ. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాల్వుల వెలుగు చెంప మీద పడుతోంది. ఎంతసేపటికో కళ్ళు తెరిచాడు. చెవులు సరిగా వినపడనివాళ్ళు మాట్లాడినట్టు కాస్త గట్టిగానే అన్నాడు. "ఇది నేను ఎప్పుడూ వినలేదు. ఈ వయసులో, ఈ చెవులతో కొత్తది వింటాననుకోలేదు. ఇంకోసారి."

ఇంకోసారి వాయించాడు. ఆ తరవాత ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఆ రోజు వేరే గిరాకీలు వచ్చి తలుపు తోసి, లోపల చూసి, నిశ్శబ్దంగా వెనక్కెళ్ళారు.

వెళ్ళే రోజున షాపాయన ఆ సెట్టుని అన్నయ్యతో పంపించాడు. పెట్టెలో సర్దింది నేనే. చుట్టూ పాత దుప్పట్లు కుక్కాను, వెనక గూట్లో మాత్రం ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలాను. ఆ చలికాలంలోనే పెద్దాయనకి వినికిడి పూర్తిగా పోయిందట. అయినా రోజూ సెట్టు వెలిగించుకుని, ఆ వెచ్చదనానికి దాని పక్కనే కుర్చీ వేసుకుంటాడని షాపాయన చెప్పాడు. తరవాత షాపు మూసేశాడు. ఇప్పుడక్కడ ఎవరో గోళ్ళకి రంగులేసే షాపు పెట్టారు. పోయిన కాలం తిరిగి రాదంటారు, నేనూ అదే నమ్ముతాను. కానీ ఆ శనివారం అది గుమ్మం దాకా వచ్చిందని, లోపల మమ్మల్ని చూసి కాసేపు వానలోనే నిలబడి వెళ్ళిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.